ఆస్పత్రి నుంచి ఇంటికి: మంచం పట్టిన రోగికి నర్సింగ్ ఏర్పాటు

పక్షవాతం వచ్చి, ముక్కు నుంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబుతో, మూత్రానికి కాథెటర్‌తో ఉన్న రోగిని రేపు డిశ్చార్జ్ చేస్తామని చెప్పిన సాయంత్రం నర్సు కోసం వెతకడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు. రోగిని ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజే ఆ పని మొదలుపెట్టాలి.

ముందుగా, వార్డులో రోగికి రోజంతా ఎవరెవరు ఏమేమి చేస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. అందులో ట్యూబు లేదా కాథెటర్ మార్చడం, పుండుకు డ్రెస్సింగ్ చేయడం, ఇంజెక్షన్ ఇవ్వడం వంటివి నర్సు చేయవలసిన పనులు. ఒళ్లు తుడవడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం నేర్పితే కుటుంబసభ్యులూ కేర్‌టేకరూ చేయగలరు. ఈ తేడా గమనించని కుటుంబాలు రోజులో అరగంట నర్సు పనికి 24 గంటల నర్సును పెట్టుకుని నెల తిరగకుండానే ఖర్చు భరించలేకపోతాయి, లేదా కేర్‌టేకర్ చేత ట్యూబు వేయించి ప్రమాదం కొనితెచ్చుకుంటాయి.

ట్యూబులో ఆహారం పోయడం ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి. వార్డు సిస్టర్ చేస్తుండగా చూస్తే చాలదు, ఆమె పక్కన నిలబడి ఉండగా మీ చేత్తో మూడు నాలుగు సార్లు చేయాలి. పోసే ముందు ముక్కు దగ్గర ట్యూబు మీది గుర్తు జరగలేదని చూసుకోవాలి. తల వైపు ఎత్తుగా ఉంచి పోసి, ఆ తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచకపోతే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. గుర్తు జరిగినా, దగ్గు, ఆయాసం వచ్చినా ఆహారం ఆపి వైద్యుడికి చెప్పాలి. యూరిన్ బ్యాగును మూత్రాశయం కంటే కిందికి ఉంచాలి, నేలకు మాత్రం తగలనీయకూడదు.

డిశ్చార్జ్ సమ్మరీలో మందుల జాబితా ఎలాగూ ఉంటుంది కానీ, ట్యూబు, కాథెటర్ ఏ రోజున వేశారో, ఎప్పుడు మార్చాలో చాలాసార్లు ఉండదు, అడిగి రాయించుకోండి. సిలికాన్ కాథెటర్‌ను సాధారణంగా 12 వారాలలోపు మారుస్తారు, మామూలు రకాన్ని అంతకంటే చాలా ముందే మార్చాలి.

ఊళ్లో ఉండేవారు డిశ్చార్జ్‌కు ముందే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు కబురు చేయాలి. ఆశా కార్యకర్త నర్సు కాదు, కానీ ఏ తలుపు తట్టాలో ఆమెకు తెలుసు. గ్రామంలోని ఆరోగ్య కేంద్రంలో బీఎస్సీ నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త, అంటే ఎంఎల్‌హెచ్‌పీ ఉంటే, డ్రెస్సింగ్‌కు, బీపీ చూడడానికి ఇంటికి రాగలరా అని సమ్మరీ కాపీ చేతికిచ్చి అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో మంచం పట్టిన రోగులను ఇంటికి వెళ్లి చూడడం కూడా భాగంగా ఉండేది కాబట్టి, మీ ఊరికి వైద్యుడు ఇప్పుడు వస్తున్నారా, ఏ రోజున వస్తారో కనుక్కోండి. తెలంగాణలో, ముఖ్యంగా కేన్సర్ రోగుల విషయంలో, జిల్లా ఆస్పత్రిలోని పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) కేంద్రంలో ఇంటికి వచ్చే బృందం గురించి విచారించాలి.

పట్టణంలో ఏజెన్సీ ద్వారా నర్సును పెట్టుకుంటే, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ సర్టిఫికెట్‌ను, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నమోదును స్వయంగా చూడండి, ఎందుకంటే తెల్లకోటు వేసుకున్న ప్రతివారినీ సిస్టర్ అని పిలవడం మనకు అలవాటు. ఆమె సెలవు పెట్టిన రోజు ఎవరు వస్తారో, భోజనం ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఖర్చు విషయంలో ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన అర్హులకు 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి వైద్య ధ్రువీకరణ కావాలి కనుక, అవసరమయ్యే కాగితాల గురించి గ్రామ లేదా వార్డు సచివాలయంలో ముందే కనుక్కుని, రోగి ఆస్పత్రిలో ఉండగానే సిద్ధం చేసుకుంటే మళ్లీ అంబులెన్సు కట్టించుకుని తిరిగే అవస్థ కొంతైనా తగ్గుతుంది.