డిస్క్ ఎన్‌క్రిప్షన్ స్పీడు పెంచుకుంటారా? ముందు హెడర్ కాపీ తీయండి

పోయిన వారం ఒంగోలులో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో లినక్స్ సర్వర్ పోయింది. డిస్కు చెడిపోలేదు, వైరస్ రాలేదు. ఫైళ్లు నిదానంగా తెరుచుకుంటున్నాయని అక్కడి కుర్రాడు ఎన్‌క్రిప్షన్ సెక్టార్ సైజును, అంటే ఒక్కోసారి తాళం వేసే ముక్క సైజును, 512 బైట్ల నుంచి 4096 చేద్దామనుకున్నాడు. ఆలోచన మంచిదే. కానీ డేటా ఉంచి తాళం మార్చే రీఎన్‌క్రిప్ట్ కమాండ్ కొట్టాల్సిన చోట, డిస్కుని కొత్తగా మొదలెట్టే లక్స్‌ఫార్మాట్ కొట్టాడు. డేటా మళ్లీ రాదు, సరేనంటే పెద్దక్షరాల్లో ‘యస్’ అని టైప్ చెయ్యమని అది అడిగింది కూడా. చేశాడు. "పాస్‌వర్డ్ నాకు గుర్తుందన్నా" అని ఫోన్లో ఒకటే మాట.

పాస్‌వర్డ్ గుర్తుంటే ఏం లాభం? డేటాకి తాళం వేసేది పాస్‌వర్డ్ కాదు. అసలు కీ డిస్కు మొదట్లో, హెడర్‌లో ఉంటుంది. ఆ కీని బయటికి తీయడం వరకే పాస్‌వర్డ్ పని. లినక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్‌కి వాడే లక్స్ పద్ధతి రెండో వెర్షన్‌లో హెడర్ మామూలుగా 16 ఎంబీ. అది పోతే 2 టీబీ డిస్కు మొత్తం పోయినట్టే. చెన్నైలో ఏ రికవరీ ల్యాబ్‌కి పంపినా డబ్బులు దండగ. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఇదొక్కటే: హెడర్ కాపీ లేకుండా చెయ్యి పెట్టడం. లక్స్‌హెడర్‌బ్యాకప్ కమాండ్‌కి నిమిషం కూడా పట్టదు. కాపీ వేరే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. కొందరు దాన్ని అదే డిస్కులో దాస్తారు, ఏమనాలో తెలియదు.

ఇక స్పీడు సంగతి. ముందు లక్స్‌ని నడిపే టూల్ క్రిప్ట్‌సెటప్‌లో బెంచ్‌మార్క్ నడపండి. అది మెమరీలోనే కొలుస్తుంది, డిస్కుని ముట్టుకోదు. అక్కడ ఏఈఎస్ (మామూలుగా వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) వేగం మీ ఎస్‌ఎస్‌డీ వేగం కన్నా చాలా ఎక్కువుంటే, ఆలస్యం ఎన్‌క్రిప్షన్ లెక్కల్లో లేదు, లినక్స్ మూలభాగమైన కెర్నల్ వరుసల్లో, అంటే క్యూల్లో ఉంది. కెర్నల్లో ఎన్‌క్రిప్షన్ చేసే భాగం డీఎం-క్రిప్ట్. అది వచ్చిన ప్రతి పనినీ ఒక క్యూ నుంచి ఇంకో క్యూకి అప్పగిస్తుంది. వేగమైన ఎస్‌ఎస్‌డీకి ఆ అప్పగింతలే బరువు. 2020లో ఇంటర్నెట్ సేవల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ ఇంజనీర్లు దీన్ని తవ్వి తీశాక, కెర్నల్ 5.9 నుంచి చదవడానికొకటి, రాయడానికొకటి క్యూ దాటేసే ఆప్షన్లు వచ్చాయి. క్రిప్ట్‌సెటప్ రిఫ్రెష్‌తో పెట్టుకోవచ్చు, డేటా కదలదు. మొదట శాశ్వతంగా ఉంచే పర్సిస్టెంట్ ఆప్షన్ లేకుండా పెట్టి చూడండి, నచ్చకపోతే రీబూట్‌తో పోతుంది. తిరిగే హార్డ్‌డిస్కుకి మాత్రం వద్దు. రాసే పనుల్ని వరుసలో సర్దేది ఆ క్యూనే.

రాస్‌బెర్రీ పై 4 లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుల ప్రాసెసర్‌లో ఏఈఎస్‌కి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు లేవు. వాటికి గూగుల్ తెచ్చిన అడియాంటమ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి నయం. కానీ దానికి మారాలంటే డిస్కంతా రీఎన్‌క్రిప్ట్ చెయ్యాలి. అంటే మళ్లీ హెడర్ కాపీ.

ఆ పెద్ద పని పెట్టుకుంటే వానలకు ముందే ముగించండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, నెల్లూరులో ఆ రోజులెలా గడిచాయో మీకే తెలుసు. లక్స్ రెండో వెర్షన్‌లో రీఎన్‌క్రిప్ట్ మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే సాగుతుంది. అయినా పెద్ద హార్డ్‌డిస్కుకి గంటలు గంటలు పడుతుంది. యూపీఎస్ లేకుండా మొదలెట్టొద్దు.

సగంలో ఆగిందా, కంగారుపడి పాత హెడర్ రీస్టోర్ చెయ్యొద్దు. అప్పటికే మారిన భాగం కొత్త కీతో ఉంటుంది, పాత హెడర్‌తో అది చెత్తే.

రీఎన్‌క్రిప్ట్ పూర్తయ్యాక ఇంకో హెడర్ కాపీ తీయండి. కీ మారిపోయింది, పాతది పనికిరాదు.

ఫైల్‌సిస్టమ్ బ్లాక్ సైజు 4096 కన్నా తక్కువుంటే సెక్టార్ సైజు జోలికి పోవద్దు. తర్వాత మౌంట్ కాదు.

లినక్స్ డిస్కులకిచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీబూట్‌కి తారుమారవుతాయి. ప్రతిసారీ సైజు చూసి, మోడల్ చూసి కొట్టండి.

స్పీడు కోసం, ఖాళీ బ్లాకుల సంగతి ఎస్‌ఎస్‌డీకి చెప్పే అలవ్-డిస్కార్డ్స్ ఆప్షన్ పెట్టేముందు ఆలోచించండి. ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయో బయటివాళ్లకి తెలిసిపోతుంది.

వీడియో చూస్తూ కమాండ్లు కొట్టొద్దు.

లక్స్‌ఫార్మాట్ ఖాళీ డిస్కుకే. ఖాళీ డిస్కుకే.

హెడర్ కాపీ ఉంటే డేటా బ్యాకప్ అక్కర్లేదనుకోవద్దు. అది వేరు, ఇది వేరు.

పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసిపోయి మార్చారా, పాత హెడర్ కాపీలు చెరిపెయ్యండి. పాత పాస్‌వర్డ్‌తో అవి ఇంకా తెరుచుకుంటాయి.

తీసిన కాపీ పనిచేస్తుందో లేదో టెస్ట్-పాస్‌ఫ్రేజ్ ఆప్షన్‌తో చూసి, పెన్‌డ్రైవ్ మీద డిస్కు పేరు, తేదీ రాసి, ఆ తర్వాతే మిగతా కమాండ్లు.