జర్మనీలో కారు కొన్నారా? తాత్కాలిక నంబర్ ప్లేటు తీసుకునే పద్ధతి

జర్మనీలో పాత కారు అమ్మేవాళ్లు చాలామంది ముందే రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ఆ తర్వాతే తాళాలు చేతికిస్తారు. పాత ప్లేట్ల మీది ప్రభుత్వ ముద్ర గీకేసి ఉంటుంది. అలాంటి బండిని నడపడం మాట అటుంచి, వీధిలో ఆపి ఉంచడానికి కూడా వీల్లేదు. ఇంటికి తెచ్చుకోవాలన్నా, దేశం దాటించాలన్నా తాత్కాలిక నంబరు తీసుకోవాల్సిందే.

ఆ నంబర్లు రెండు రకాలు. ఐదు రోజులు చెల్లేది కుర్ట్స్‌త్సైట్‌కెన్‌త్సైషెన్. ప్లేటుకు కుడి చివర పసుపు పట్టీ ఉంటుంది, ఊరి కోడ్ తర్వాత అంకె 03 లేదా 04తో మొదలవుతుంది. కారును దేశం బయటికి తీసుకెళ్లేవాళ్ల కోసం ఉన్న ఎగుమతి నంబరు ఆస్‌ఫూర్‌కెన్‌త్సైషెన్. దీని పట్టీ ఎరుపు. గడువు ఇన్సూరెన్సును బట్టి ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ ఏడాది. రెండు పట్టీల మీదా పైనుంచి కిందికి రోజు, నెల, సంవత్సరం ఉంటాయి. అదే ఆఖరి రోజు.

కారు జర్మనీలోనే ఉండబోతూ మీకు అక్కడ నమోదైన చిరునామా కూడా ఉంటే, పసుపు పట్టీది తీసుకుని ఇంటికి తెచ్చుకోండి, తర్వాత మామూలు రిజిస్ట్రేషన్ చేయించండి. సరిహద్దు దాటే పనైతే మొదటే ఎరుపు పట్టీకి వెళ్లండి. చవకని పసుపుతో సరిహద్దు దాటాలని చూసేవాళ్లున్నారు. కానీ దాన్ని ఒప్పుకోవాల్సిన బాధ్యత పొరుగు దేశాలన్నిటికీ లేదు. కొన్ని దేశాల పోలీసులు దాన్ని రిజిస్ట్రేషన్ లేని బండిగానే లెక్కగడతారు.

మూడో దారి ఒకటి అమ్మేవాళ్లే చూపిస్తారు: "నా ఎర్ర ప్లేటు తీసుకెళ్లండి, రేపు పోస్టులో పంపండి." 06తో మొదలయ్యే ఆ ఎర్ర అక్షరాల ప్లేటు డీలరు తన వ్యాపారం పనికి వాడుకోవడానికే. కొన్నవాళ్లు దాన్ని అరువు తీసుకుని తిరిగితే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ తలనొప్పి మీ నెత్తినే పడుతుంది.

డబ్బు ఇచ్చే ముందు చూడాల్సినవి

కారు కాగితాలు రెండు: త్సులాసుంగ్స్‌బెషైనిగుంగ్ మొదటి భాగం, రెండో భాగం. మొదటిది బండిలో ఉంచుకునేది, రెండోది ఇంట్లో దాచుకునేది. రెండూ అసలువి చేతికి రాకపోతే కొనకండి. రెండో భాగం బ్యాంకు దగ్గర ఉందంటే ఆ కారు మీద అప్పు ఉన్నట్టే. అలాగని రెండో భాగంలో పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషే యజమాని అని ఆ కాగితం చెప్పదు, ఆ సంగతి దాని మీదే అచ్చేసి ఉంటుంది. అందుకే రాతపూర్వకమైన కొనుగోలు ఒప్పందం, దాని మీద అమ్మినవాళ్ల గుర్తింపు కార్డులోని పేరు, చిరునామా తప్పనిసరి.

మొదటి భాగంలో E అని రాసి ఉన్న గడిలో 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది. అద్దం కింద లేదా బండి బాడీ మీద చెక్కిన నంబరుతో ఒక్కో అక్షరం సరిచూడండి. 2.1 గడిలో నాలుగంకెల తయారీదారు కోడ్, 2.2లో మోడల్ కోడ్ (దాని మొదటి మూడు అక్షరాలు చాలు). ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఈ మూడూ అడుగుతారు, కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆ తర్వాత హా-ఊ, అంటే బండి ఫిట్‌నెస్ తనిఖీ. దాన్ని ట్యూఫ్, డెక్రా లాంటి సంస్థలు చేస్తాయి. వెనక ప్లేటు మీది గుండ్రటి స్టిక్కరులో నడిమధ్య ఉన్నది సంవత్సరం, అన్నిటికన్నా పైన నిలబడ్డ అంకె నెల. పాత ప్లేట్లు లేకపోతే మొదటి భాగం మీది ముద్ర గానీ తనిఖీ రిపోర్టు గానీ చూడండి. చాలామంది పని ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. గడువు అయిపోతే పసుపు పట్టీ ఇస్తారు గానీ ఆంక్ష పెట్టి ఇస్తారు: నంబరు ఇచ్చిన జిల్లాలో, దాని పక్క జిల్లాలో తనిఖీ కేంద్రానికో, రిపేరు షెడ్డుకో వెళ్లి రావడానికి మాత్రమే. 500 కిలోమీటర్ల దూరం ఇంటికి తీసుకెళ్లడం కుదరదు. ఎరుపు పట్టీకైతే ఆ ప్లేటు గడువు ముగిసేదాకా హా-ఊ చెల్లుబాటులో ఉండాలి. అందుకే బేరంలో ధర తగ్గించమని అడగడం కన్నా "హా-ఊ కొత్తగా చేయించి ఇవ్వండి" అని అడగడమే లాభం.

ఇన్సూరెన్స్ ముందు, ఆఫీసు తర్వాత

ఐదు రోజుల ప్లేటుకు ఇన్సూరెన్స్ కంపెనీ ఏడు అక్షరాల ఈ-ఫౌ-బే (eVB) నంబరు ఇస్తుంది, ఇన్సూరెన్స్ ఉందనడానికి అదే రుజువు. అది లేకపోతే కౌంటర్ దగ్గర ఒక్క అడుగు ముందుకు పడదు. మామూలు రిజిస్ట్రేషన్ ఈ-ఫౌ-బే ఈ పనికి చెల్లదు. ఐదు రోజుల ప్లేటుకని స్పష్టంగా చెప్పి తీసుకోండి. ఎగుమతి ప్లేటుకైతే దానికోసమే ఇచ్చే ఇన్సూరెన్స్ ధ్రువీకరణ అడగండి. తర్వాత ఏడాది పాలసీ కూడా అదే కంపెనీలో తీసుకుంటే, ఐదు రోజుల ప్రీమియాన్ని కొన్ని కంపెనీలు అందులో సర్దుతాయి, అడిగి చూడండి. దేశం దాటేవాళ్లు గ్రీన్ కార్డు (ఇన్సూరెన్స్ వేరే దేశాల్లోనూ చెల్లుతుందనే పత్రం) తప్పక అడిగి, మీ దారిలో పడే దేశాల్లో దేని పేరైనా అందులో గీత పెట్టి కొట్టేసి ఉందేమో చూసుకోవాలి. చిన్న వయసు డ్రైవర్లకు కొన్ని కంపెనీలు షరతులు పెడతాయి, అది కూడా ముందే తేల్చుకోండి.

పేరు దగ్గర మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఇన్సూరెన్స్ ఫారంలో అలవాటుగా పొట్టిపేరు రాసేస్తే, కౌంటర్‌లో వాళ్ల కంప్యూటర్ ఆ ఇద్దరూ వేరు మనుషులంటుంది. పాస్‌పోర్టులో ఏ అక్షరం ఎలా ఉంటే అలాగే, ఏ గడిలో ఉంటే ఆ గడిలోనే రాయండి.

రిజిస్ట్రేషన్ ఆఫీసును త్సులాసుంగ్స్‌ష్టెల్లె అంటారు. ఐదు రోజుల నంబరుకు మీరుండే చోటి ఆఫీసుకైనా, కారు నిలిపి ఉన్న చోటి ఆఫీసుకైనా వెళ్లొచ్చు. చాలా నగరాల్లో ఆన్‌లైన్‌లో టైము తీసుకోందే లోపలికి రానివ్వరు. అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాకే కారు తీసుకునే రోజు నిర్ణయించుకోండి. ఐదు రోజులు లెక్క మొదలయ్యేది నంబరు ఇచ్చిన రోజు నుంచి. శుక్రవారం తీసుకుంటే మంగళవారం రాత్రితో సరి. సోమవారం తీసుకుంటే ఆఫీసులు తెరిచి ఉండే రోజులన్నీ మీ చేతిలో ఉంటాయి, తనిఖీ చేయించాల్సిన బండికి అదే మేలు.

తీసుకెళ్లాల్సినవి: పాస్‌పోర్టు, నివాస నమోదు పత్రం (పాస్‌పోర్టులో జర్మనీ చిరునామా ఉండదు కదా), ఈ-ఫౌ-బే లేదా ఎగుమతి ప్లేటు ఇన్సూరెన్స్ ధ్రువీకరణ, కారు కాగితాలు రెండు భాగాలూ, హా-ఊ రుజువు, కొనుగోలు ఒప్పందం. మీ బదులు ఇంకొకరు వెళ్తే మీరు సంతకం చేసిన అధికార పత్రం, మీ అసలు పాస్‌పోర్టు, వాళ్ల గుర్తింపు కార్డు కావాలి.

జర్మనీలో చిరునామా లేనివాళ్లు అక్కడ నివాసం ఉన్న ఒకరిని ఉత్తరాలు అందుకునే ప్రతినిధిగా చూపించాలి. వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు, గుర్తింపు కార్డు జతచేయాలి. స్నేహితుణ్ణి అడిగేటప్పుడు ఒక మాట దాచకండి: కెమెరా జరిమానాలైనా, పన్ను కాగితాలైనా వచ్చేది వాళ్ల ఇంటికే.

ఎరుపు పట్టీకి అదనంగా మూడు పనులుంటాయి. ఛాసిస్ నంబరు సరిచూడటానికి కారునే ఆఫీసుకు తీసుకురావాలి. దీనికి తేలికైన మార్గం, పాత రిజిస్ట్రేషన్ రద్దు చేయించకముందే అమ్మినవాళ్లతో కలిసి అదే బండిలో వెళ్లి, రద్దు, కొత్త నంబరు రెండూ ఒకే కౌంటర్‌లో ముగించడం. రెండోది వాహన పన్ను. దాన్ని వసూలు చేసేది కస్టమ్స్ శాఖ, కట్టే ఏర్పాటు అప్పుడే చూపించమంటారు. మూడోది యూరోపియన్ యూనియన్ దాటేవాళ్లకు: కారు విలువ 1000 యూరోలు మించితే కస్టమ్స్‌లో ఎగుమతి డిక్లరేషన్ ఆన్‌లైన్‌లో వేయాలి.

కౌంటర్‌లో నంబరు కేటాయించాక మీరు బయటికి వచ్చి ప్లేట్లు చేయించుకోవాలి. ఆఫీసు చుట్టూ ఆ దుకాణాలే ఉంటాయి. గుమ్మానికి ఎదురుగా ఉన్నవాడు ఎక్కువ చెప్పడం మామూలే, నాలుగడుగులు వేసి రెండో చోట అడగండి. జత సుమారు 20 నుంచి 40 యూరోలు అవుతుంది. ఐదు రోజుల నంబరుకు ఆఫీసు ఫీజు సుమారు 15 యూరోలు. ఎగుమతి నంబరుకు ఎక్కువ. ప్లేట్లు పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్తే ముద్ర అంటించి, కారు కాగితం ఇస్తారు. ముద్ర లేని ప్లేటుకు విలువ లేదు.

బిగించడం, బయల్దేరడం

మామూలు ప్లేటు కొలత 520 గుణకం 110 మిల్లీమీటర్లు. పాత హోల్డరు ఉంటే దాంట్లోనే కింద అంచు దోపి పైన నొక్కితే బిగుస్తుంది. హోల్డరు లేకపోతే స్క్రూడ్రైవరు, నాలుగు ప్లాస్టిక్ కేబుల్ టైలు వెంట ఉంచుకోండి. అద్దం వెనక డాష్‌బోర్డు మీద పెట్టుకుని వెళ్తే జరిమానా. ముందూ వెనకా రెండు చోట్లా బయటే బిగించాలి. ఈ ప్లేట్ల మీద నీలం యూరో పట్టీ ఉండదు, కాబట్టి సరిహద్దు దాటేటప్పుడు వెనక అండాకారంలో D అక్షరం స్టిక్కరు అంటించుకోవాలి.

ఇంకొకటి. రిజిస్ట్రేషన్ ఆఫీసు మీ డ్రైవింగ్ లైసెన్స్ అడగదు, అందుకే కొందరు ప్లేటు చేతికొచ్చాక ఇరుక్కుంటారు. భారతీయ లైసెన్సుతో అక్కడ నివాసం మొదలైన నాటి నుంచి ఆరు నెలలే నడపొచ్చు, అదీ అంతర్జాతీయ పర్మిట్ గానీ జర్మన్ అనువాదం గానీ తోడుగా ఉంటేనే. ఆ తర్వాత థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ రాయాల్సిందే.

గడువు ముగిసిన అర్ధరాత్రి నుంచి ఆ కారుకు ఇన్సూరెన్స్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. దారిలో బండి ఆగిపోయి ఐదో రోజు దాటితే నడపకండి, ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లండి, లేదా ప్రైవేటు స్థలంలో పెట్టి కొత్త నంబరు తీసుకోండి. ఎరుపు పట్టీతో వేరే యూరోపియన్ దేశానికి చేరినవాళ్లు అక్కడ రిజిస్ట్రేషన్‌కు కారు కాగితాలు రెండూ, తయారీదారు ఇచ్చే సీ-ఓ-సీ (COC) సర్టిఫికెట్టు, అంటే బండి యూరోపియన్ ప్రమాణాలకు తగ్గట్టు ఉందనే పత్రం, చూపించాలి. ఆ సర్టిఫికెట్టు పోతే కంపెనీ దగ్గర డూప్లికేటుకు డబ్బూ, రోజులూ పడతాయి. కారు కొనేటప్పుడే అమ్మినవాళ్ల ఫైలులో అది ఉందేమో వెతికించండి.