పూసల నగల వ్యాపారం మానేటప్పుడు

ముందు కొత్త ఆర్డర్లు ఆపండి. ఒప్పుకున్నవి పూర్తి చేయండి, చేయలేనివాటికి అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి.

ఇక సరుకు. గాలిలోని గంధకం వల్ల వెండి తీగ నల్లబడుతుంది, దాన్ని ముందు అమ్మండి. గాజు పూసలకు తొందర లేదు. నేను వాటిని సైజువారీగా సీసాల్లో పోసి అమ్మాను. 11 నంబరు పూస 8 నంబరు కంటే చిన్నది. రెండూ కలిస్తే వరస వంకరపోతుంది, కొన్నవారు తిట్టుకుంటారు. పాతబడిన సాగే దారం పుటుక్కున తెగుతుంది, ఎవరికీ అంటగట్టకండి. పట్టకారు, కొన్ని కొక్కేలు మాత్రం ఉంచుకోండి. తెగిన దండలతో పాత ఖాతాదారులు వస్తూనే ఉంటారు మరి!

బాకీలు, పన్ను లెక్కలు తేలాకే బ్యాంకు ఖాతా మూయండి.

కొత్త సరదాను అప్పుడే బేరానికి పెట్టకండి. వేణువు నేర్చుకుంటున్నానంటే చాలు, "కచేరీ ఎప్పుడు?" అంటున్నారు. నాకింకా ఊదడమే సరిగా రాలేదు.