దినోత్సవాల తేదీలను మరిచిపోకుండా గుర్తుపెట్టుకోవడం ఎలా?

పోటీ పరీక్షలకు చదివేవారి నోటుపుస్తకాల్లో ఒక పేజీ తప్పకుండా కనిపిస్తుంది. ఎడమవైపు తేదీలు, కుడివైపు దినోత్సవాల పేర్లు. ఆ పట్టికను ఎన్నిసార్లు వల్లె వేసినా పరీక్ష గదిలో నవంబర్ 11, 14, 20, 26 ఒకదానితో ఒకటి కలగాపులగమైపోతాయి. అది జ్ఞాపకశక్తి లోపం కాదు. ఆ పట్టికలో ‘ఎందుకు’ అనే మూడో గడి లేదు. దాదాపు ప్రతి తేదీ వెనుకా ఒక మనిషి పుట్టుకో, ఒక పోరాటమో, ఒక చట్టమో ఉంటుంది. దాన్ని పట్టుకుంటే తేదీ దానంతటదే వెంట వస్తుంది.

1. మూడో గడి గీయండి

తేదీ, పేరు పక్కన ‘ఆ రోజే ఎందుకు?’ అని మరో గడి పెట్టుకుని, అందులో ఒకే ఒక్క వాక్యం రాయండి. ఉదాహరణకు ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. ఇది సి.వి. రామన్ పుట్టినరోజు అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆయన పుట్టింది 1888 నవంబర్ 7న. పదార్థం మీద పడి చెదిరే కాంతిలో కొంత భాగం రంగు మారుతుందని చెప్పే రామన్ ఫలితాన్ని 1928 ఫిబ్రవరి 28న కనుగొన్నారు, 1930లో దానికే నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశం ఈ రోజున గౌరవిస్తున్నది ఒక ఆవిష్కరణను. ఆ సంగతి తెలిసినవారు ఈ తేదీని జయంతుల జాబితాలో వెతకరు.

2. కారణాన్ని బట్టి విడదీయండి

నెలలవారీగా చదవడం కంటే కారణాలవారీగా చదవడం మేలని నా గట్టి నమ్మకం.

జయంతులు సులువు: జనవరి 12 వివేకానందుడు (యువజన దినోత్సవం), సెప్టెంబర్ 15 విశ్వేశ్వరయ్య (ఇంజనీర్ల దినోత్సవం), నవంబర్ 11 మౌలానా ఆజాద్ (విద్యా దినోత్సవం), డిసెంబర్ 22 రామానుజన్ (గణిత దినోత్సవం). ఆగస్టు 29న రెండు ఉన్నాయి. హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కాబట్టి అది జాతీయ క్రీడా దినోత్సవం. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి జయంతి కూడా అదే రోజు కావడంతో మనకు తెలుగు భాషా దినోత్సవం.

రెండో రకం చట్టాలు, సంస్థలు, ఒప్పందాలు పుట్టిన రోజులు. 1948 ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది కాబట్టి ప్రపంచ ఆరోగ్య దినోత్సవం ఆ రోజే. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, అందుకే అది పంచాయతీరాజ్ దినోత్సవం. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందంపై 1987 సెప్టెంబర్ 16న సంతకాలు జరిగాయి. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది.

మూడో రకం సంఘటనలు. వీటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే ఇక్కడ మనుషులు ప్రాణాలు పణంగా పెట్టారు. 1952 ఫిబ్రవరి 21న, అప్పట్లో పాకిస్తాన్‌లో ఉన్న ఢాకాలో, బెంగాలీకి అధికార భాష హోదా కావాలని అడిగిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ మరణాలను తలచుకునే రోజునే 1999లో యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది. పాఠశాలల్లో ఆ రోజు పద్యాలు చదివించే ఉపాధ్యాయులు ఈ ఒక్క విషయం పిల్లలకు చెబితే వేడుకకు ప్రాణం వస్తుంది.

మార్చి 8 కథ ఇంకా ఆసక్తికరమైనది. 1910లో కోపెన్‌హాగెన్ సదస్సులో జర్మన్ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ తదితరులు మహిళా దినోత్సవాన్ని ప్రతిపాదించినప్పుడు ఏ తేదీనీ ఖాయం చేయలేదు. మరుసటి ఏడాది కొన్ని ఐరోపా దేశాలు మార్చి 19న జరుపుకున్నాయి. 1917లో అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్ వీధుల్లోకి మహిళలు తిండి కోసం, యుద్ధం ఆగడం కోసం వచ్చారు. వారం తిరిగేసరికి జారు చక్రవర్తి గద్దె దిగాల్సి వచ్చింది. రష్యాలో అప్పటికి వాడుకలో ఉన్న పాత క్యాలెండర్ ప్రకారం అది ఫిబ్రవరి 23. మనం వాడే క్యాలెండర్‌లో మార్చి 8.

డిసెంబర్ 1 ఎయిడ్స్ దినోత్సవం లాంటి కొన్నింటికి ఇలాంటి చారిత్రక కారణం దొరకదు. వాటిని మాత్రం నేరుగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

3. తికమక పెట్టే జంటలను పక్కపక్కన పెట్టండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒకే అంశానికి మన దేశంలో ఒక తేదీ, ప్రపంచానికి మరో తేదీ ఉంటుంది. సెప్టెంబర్ 5 సర్వేపల్లి రాధాకృష్ణన్ జయంతి. అక్టోబర్ 5 ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం, 1966లో ఆ రోజున ఉపాధ్యాయుల హోదాపై యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థల సిఫారసు ఆమోదం పొందింది. నవంబర్ 14 నెహ్రూ జయంతి. ప్రపంచ బాలల దినోత్సవమైన నవంబర్ 20న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ప్రకటన (1959), ఒడంబడిక (1989) రెండూ వచ్చాయి. డిసెంబర్ 24 మన 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజు. మార్చి 15న 1962లో అమెరికా అధ్యక్షుడు కెనడీ వినియోగదారుల హక్కులపై తమ దేశ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు సందేశం పంపారు.

నవంబర్ 26, జనవరి 26 జంటను అందరూ అర్థం చేసుకోవాలి. రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26న ఆమోదించారు. మరి పూర్తిగా అమలు చేయడానికి రెండు నెలలు ఎందుకు ఆగారు? 1929 డిసెంబర్ లాహోర్ కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని తీర్మానించి, 1930 జనవరి 26ను స్వాతంత్ర్య దినంగా పాటించారు. ఆ రోజుకు శాశ్వత గౌరవం ఇవ్వాలని గణతంత్రాన్ని అదే తేదీన ప్రారంభించారు. దానికి సరిగ్గా ముందురోజు, 1950 జనవరి 25న, ఎన్నికల సంఘం ఏర్పడింది కాబట్టి అది జాతీయ ఓటర్ల దినోత్సవం. మూడు తేదీలూ ఒకే కథలో ఇమిడిపోయాయి.

4. రెండు సంవత్సరాలు వేరువేరుగా రాయండి

సంఘటన జరిగిన ఏడాది వేరు, దినోత్సవం మొదలైన ఏడాది వేరు. ఓటర్ల దినోత్సవం 2011లో మొదలైంది. స్వదేశీ ఉద్యమం 1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైతే, జాతీయ చేనేత దినోత్సవం 2015లో వచ్చింది. జూన్ 5 స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు ప్రారంభమైన 1972 నాటిది, తొలి పర్యావరణ దినోత్సవం 1973లో జరిగింది. యోగా దినోత్సవానికైతే మూడు మెట్లు: 2014 సెప్టెంబర్‌లో భారత ప్రతిపాదన, ఆ డిసెంబర్ 11న ఐక్యరాజ్యసమితి ఆమోదం, 2015 జూన్ 21న తొలి వేడుక.

5. ఎవరు ప్రకటించారో చూడండి

ఫోన్లలో చక్కర్లు కొట్టే ప్రతి ‘దినోత్సవం’ అధికారికం కాదు. అంతర్జాతీయమని రాసి ఉంటే ఐక్యరాజ్యసమితి తీర్మానమో, యునెస్కో, ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంటి సంస్థ నిర్ణయమో ఉందేమో చూడండి. జాతీయమైతే కేంద్ర ప్రభుత్వ ప్రకటన ఉండాలి. ఇలాంటి ప్రకటన లేకుండానే మొదలై విస్తరించిన మంచి రోజులూ ఉన్నాయి. 1970 ఏప్రిల్ 22న అమెరికాలో లక్షలాది పౌరులతో మొదలైన ధరిత్రీ దినోత్సవం అలాంటిదే. అమ్మకాల కోసం పుట్టినవాటిని వదిలేయడానికి సంకోచించకండి.

కొన్నింటికి స్థిరమైన తేదీ ఉండదని కూడా గమనించండి. ప్రపంచ కిడ్నీ దినోత్సవం మార్చి రెండో గురువారం. వీటిని వారం పేరుతోనే రాసుకోండి.

6. ఆ రోజున ఒక పని చేయండి

చదివింది నిలవాలంటే చేతికి పని ఉండాలి. ఓటర్ల దినోత్సవం నాడు ఓటరు జాబితాలో మీ పేరు సరిచూసుకోండి. మార్చి 22 నీటి దినోత్సవం నాడు కారుతున్న కుళాయి బాగు చేయించండి. మార్చి 24 క్షయ దినోత్సవం నాడు, 1882లో అదే రోజున రాబర్ట్ కాఖ్ ఆ వ్యాధి క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించిన సంగతి పిల్లలకు చెప్పి, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని పరీక్షకు పంపండి. కార్యక్రమం నిర్వహించేవారు ఆ ఏడాది ఇతివృత్తాన్ని నిర్వాహక సంస్థ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. చాలా దినోత్సవాలకు అది ఏటా మారుతుంది, పాత గైడు పుస్తకంలో ఉన్నది పనికిరాదు.