కారులో ఆటో ఏసీ: 24 అంకె వెనుక జరిగే పని

కారులో ఆటోమేటిక్ ఏసీ ఉన్నా, చాలామంది దానిని ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్‌ను తిప్పినట్టే వాడుతుంటారు. ఎండన పడి వచ్చి కూర్చోగానే 18కి దించుతారు, పది నిమిషాలకు చేతులు చల్లబడితే 26కి పెంచుతారు, మళ్లీ చెమట పట్టిందని 20కి తెస్తారు. నిజానికి తెరమీది ఆ అంకె చల్లదనం మోతాదు కాదు. కారు లోపలి గాలి చివరకు ఏ ఉష్ణోగ్రత దగ్గర నిలవాలో తెలిపే గుర్తు. అక్కడికి చేరే దారిని యంత్రం తానే వెతుక్కుంటుంది. ఎలా వెతుక్కుంటుందో తెలిస్తే బటన్లతో కుస్తీ పట్టే పని చాలావరకు తప్పుతుంది.

ముందుగా చల్లదనం సంగతి. ఇంజన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఏసీ గ్యాస్‌ను గట్టిగా నొక్కి వేడెక్కిస్తుంది. ఆ గ్యాస్ రేడియేటర్‌కు ముందు అమర్చిన కండెన్సర్‌లో తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని దారి గుండా డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లోకి చేరి, ఒత్తిడి తగ్గడంతో అక్కడే ఆవిరవుతూ, కాయిల్ మీదుగా వీచే గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. గాలిలోని తేమ కూడా ఆ కాయిల్ మీద నీటిబొట్లుగా మారి గొట్టం ద్వారా కిందికి కారుతుంది. ఆగి ఉన్న కారు కింద కనిపించే మడుగు అదే, దానిని చూసి కంగారు పడనక్కరలేదు. కాయిల్ మీద మంచు పేరుకుంటే గాలి దారి మూసుకుపోతుంది కనుక, అది గడ్డకట్టే దశకు చేరకముందే అక్కడి సెన్సర్ కంప్రెసర్ పనిని తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది.

పెట్రోలు, డీజిలు కార్లలో వేడికి విడిగా పొయ్యి ఏమీ ఉండదు. ఇంజన్‌ను చల్లబరిచి దాదాపు 90 డిగ్రీలకు చేరిన కూలెంట్ డాష్‌బోర్డు లోపలి చిన్న రేడియేటర్ గుండా ప్రవహిస్తుంది, హీటర్ అంటే అంతే. అసలు కీలకం ఈ చలికీ వేడికీ మధ్యనున్న ఒక ప్లాస్టిక్ ఫ్లాప్. కూలింగ్ కాయిల్ దాటి వచ్చిన చల్లని గాలిలో ఎంత భాగం హీటర్ మీదుగా పోవాలో, ఎంత భాగం నేరుగా రావాలో ఆ ఫ్లాప్ నిర్ణయిస్తుంది. స్నానానికి వేణ్నీళ్లలో చన్నీళ్లు కలుపుకున్నట్టే ఇదీను. మామూలు ఏసీలో ఎరుపు, నీలం గుర్తులున్న నాబ్‌ను తిప్పి మనం చేసే పని అదే. ఆటోమేటిక్‌లో చిన్న మోటారు ఆ ఫ్లాప్‌ను తిప్పుతుంది, దానికి ఆదేశాలిచ్చేది కంట్రోల్ యూనిట్. అమెరికాలో కాడిలాక్ 1964 మోడల్ కార్లలో ఈ ఏర్పాటును కంఫర్ట్ కంట్రోల్ పేరుతో తెచ్చింది. కార్లలో కంప్యూటర్ చిప్పులు వాడకముందే ఈ ఆలోచన వాటిలోకి వచ్చిందన్నమాట.

కంట్రోల్ యూనిట్‌కు కళ్లూ ముక్కూ సెన్సర్లే. ముందు బంపర్ దగ్గర ఉండేది బయటి ఉష్ణోగ్రతను చెబుతుంది. స్టీరింగ్ పక్కనో, ఏసీ బటన్ల దగ్గరో సన్నని చిల్లులున్న చిన్న జాలీ వెనుక లోపలి ఉష్ణోగ్రతను కొలిచేది ఉంటుంది. ముందు అద్దం కింద, డాష్‌బోర్డు పైన ఉండే నల్లని గుండీలాంటిది ఎండ తీవ్రతను కొలుస్తుంది. ఈ మూడో దాని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక వేసవిలో నా కారు నీడన బాగానే చల్లబడుతున్నా, ఎండలోకి రాగానే ముఖం మాడిపోయేది. మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు, పట్టించాను, ఫలితం లేదు. చివరకు చూస్తే, డాష్‌బోర్డు మీద నేను పరిచిన వెల్వెట్ గుడ్డ, దాని మీది వినాయకుడు కలిసి ఆ గుండీని పూర్తిగా కప్పేశాయి. ఎండ లేదనుకుని యంత్రం బ్లోవర్‌ను, అంటే గాలిని తోసే ఫ్యాన్‌ను, తగ్గించేస్తోంది. స్వామిని నాలుగు అంగుళాలు పక్కకు జరిపితే సమస్య తీరింది.

ఇక వాడే పద్ధతి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఎండలో నిలిపిన కారు ఎక్కేటప్పుడు ముందు కిటికీలన్నీ దించి, ఒకటి రెండు నిమిషాలు నడిపి లోపలి సెగను బయటకు పోనివ్వండి. తరువాత కిటికీలు మూసి, ఆటో నొక్కి, 24 దగ్గర వదిలేయండి. లోపల 50 డిగ్రీలున్నప్పుడు 24 పెట్టినా, 18 పెట్టినా ఫ్లాప్ పూర్తిగా చల్లని వైపే ఉంటుంది, బ్లోవర్ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. 18 పెట్టడం వల్ల తొందరగా చల్లబడదు, ఆగవలసిన చోట ఆగకుండా ఇంకా చల్లబడుతూ పోతుంది, అంతే. తెరమీద LO (లో) అని కనిపించే చివరి స్థానంలోనైతే ఉష్ణోగ్రతను అదుపు చేయడమే ఉండదు. లోపల చల్లబడే కొద్దీ బ్లోవర్ చప్పుడు తగ్గుతుంది. ఏసీ పాడైందనుకొని అప్పుడు చేత్తో ఫ్యాన్‌ను పెంచితే, చాలా కార్లలో ఆటో గుర్తు ఆరిపోతుంది. మళ్లీ ఆటో నొక్కితే సరిపోతుంది.

లోపలి గాలినే తిప్పే బటన్ మొదటి పావుగంటకు చాలా ఉపకరిస్తుంది, ఎందుకంటే 44 డిగ్రీల బయటి గాలి కంటే అప్పటికే కొంత చల్లబడిన గాలిని మళ్లీ చల్లబరచడం సులువు. అయితే నలుగురు కూర్చుని హైదరాబాదు నుంచి తిరుపతి దాకా అదే గాలిని పీలుస్తూ పోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి, డ్రైవరుకు మగతగా ఉంటుంది. అప్పుడప్పుడూ బయటి గాలిని రానివ్వాలి.

వానాకాలంలో అద్దం మసకబారితే అది ఏ వైపునో వేలితో తాకి చూడండి. తేమ లోపలి వైపున ఉంటే ముందు అద్దం గుర్తున్న బటన్ నొక్కండి. బయటి గాలితోపాటు చాలా కార్లలో కంప్రెసర్ కూడా దానంతట అదే మొదలై, తేమ తీసిన గాలి అద్దం మీదికి వస్తుంది. చలి వేస్తే ఏసీని ఆపకండి, ఉష్ణోగ్రతను పెంచండి. తేమ బయటి వైపున ఉంటే, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో ఇది తరచూ జరిగేదే, అద్దం మరీ చల్లబడిందని అర్థం. వైపర్ ఒకసారి తిప్పి, చల్లగాలిని అద్దం నుంచి మళ్లించాలి.

శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలో కారు తీసి 26 పెట్టినా బ్లోవర్ ఉలకకపోతే కంగారు వద్దు. కూలెంట్ ఇంకా వేడెక్కలేదు కనుక, చల్లగాలిని కాళ్ల మీదికి విసరకుండా కొన్ని కార్లలో యంత్రం కావాలనే ఆగుతుంది. విద్యుత్ కార్లలో ఈ నిరీక్షణ ఉండదు కానీ, హీటర్ బ్యాటరీ నుంచి తీసుకుంటుంది కాబట్టి మైలేజీ తగ్గుతుంది.

గ్యాస్ పట్టించే ముందు ఇంట్లోనే చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. గాలి జోరు తగ్గితే, చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టర్‌ను తీసి చూడండి. డాష్‌బోర్డు లోపల టక్ టక్ మని ఆగకుండా శబ్దం వస్తుంటే తరచుగా ఫ్లాప్ మోటారు పళ్లు అరిగి ఉంటాయి. లోపలి సెన్సర్ జాలీ వెనుక చిన్న ఫ్యాన్ ఉన్న కారైతే, ఆటో నడుస్తుండగా గోరంత టిష్యూ కాగితాన్ని ఆ జాలీ దగ్గర పట్టుకోండి. కాగితం అంటుకుంటే గాలి లోపలికి అందుతున్నట్టే. అంటుకోకుండా జారి పడితే, ఆ చిల్లుల్లోని దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపి మరోసారి చూడండి.