స్పెషల్ ఎడిషన్ కంట్రోలర్ అసలుదేనా? కొనేముందు తేల్చుకునే పద్ధతి

గేమ్ కంట్రోలర్‌లో అన్నిటికన్నా తేలిగ్గా మార్చేయగలిగింది దాని పై షెల్ (ప్లాస్టిక్ తొడుగు). మామూలు నల్ల కంట్రోలర్ విప్పి, బయట దొరికే రంగు షెల్ తొడిగి, లిమిటెడ్ ఎడిషన్ పేరుతో సెకండ్ హ్యాండ్‌లో పెట్టడం చేయి తిరిగినవాళ్ళకి గంట పని. కాబట్టి రంగు చూసి డబ్బు కట్టొద్దు. షెల్ మార్చినా మారనివి మూడున్నాయి: మోడల్ నంబరు, ఆ ఏడాది నాటి హార్డ్‌వేర్, చిప్‌లో దాచిన సమాచారం. పరీక్ష వాటితోనే మొదలుపెట్టాలి.

ఎడిషన్ ఏడాది, హార్డ్‌వేర్ ఏడాది కలవాలి

ముందు ఆ ఎడిషన్ ఏ ఏడాది వచ్చిందో తెలుసుకోండి. తర్వాత చేతిలో ఉన్న కంట్రోలర్ ఆ కాలానిదేనా అని చూడండి.

ఎక్స్‌బాక్స్‌లో ఇది చాలా సులువు. బ్యాటరీ మూత తీస్తే లోపలి స్టిక్కర్ మీద నాలుగంకెల మోడల్ నంబరు ఉంటుంది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చింది 1537, దానికి 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్ లేదు. 2015లో 1697తో జాక్ వచ్చింది. 2016 నాటి 1708తో బ్లూటూత్, 2020 నాటి 1914తో షేర్ బటన్, యూఎస్‌బీ-సీ పోర్టు వచ్చాయి. ముందువైపు ‘డే వన్ 2013’ అని రాసి ఉన్న (ఎక్స్‌బాక్స్ వన్ విడుదల నాటి ఎడిషన్) కంట్రోలర్‌కి కింద హెడ్‌ఫోన్ జాక్ కనిపించిందంటే అక్కడితో వదిలేయండి. అలాగే 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ ఎడిషన్‌కి షేర్ బటన్ లేకపోతే అది ఆ ఎడిషన్ కాదు.

సోనీలో పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కంట్రోలర్ అయిన డ్యూయల్‌షాక్ 4కి రెండు తరాలున్నాయి. 2013 నాటిది సీయూహెచ్-జెడ్‌సీటీ1, 2016 నాటిది సీయూహెచ్-జెడ్‌సీటీ2. రెండోదాంట్లో టచ్‌ప్యాడ్ పైఅంచున సన్నటి గీతలా లైట్‌బార్ (కంట్రోలర్ ముందు అంచున వెలిగే దీపం) వెలుగు కనిపిస్తుంది. మొదటిదాంట్లో ఆ గీత ఉండదు. బూడిదరంగులో, రంగురంగుల పీఎస్ బటన్‌తో వచ్చిన ప్లేస్టేషన్ 20వ వార్షికోత్సవ ఎడిషన్ 2014 చివరిది. ఆ ఎడిషన్‌తో కలిపి అమ్మిన పీఎస్4లు 12,300 మాత్రమే (ప్లేస్టేషన్ జపాన్‌లో విడుదలైన డిసెంబరు 3కి గుర్తుగా ఆ అంకె). ఇంత అరుదైనదానికి నకళ్ళు రావడంలో వింత లేదు. బూడిదరంగు కంట్రోలర్ ఆన్ చేయగానే టచ్‌ప్యాడ్ మీద వెలుగుగీత కనిపిస్తే, 2016 తర్వాతి కంట్రోలర్‌కి పాత రంగు తొడిగారన్నమాట.

2024లో అదే బూడిదరంగుతో 30వ వార్షికోత్సవ డ్యూయల్‌సెన్స్ (పీఎస్5 కంట్రోలర్) వచ్చింది. ప్రకటనల్లో రెంటినీ కలగాపులగం చేస్తుంటారు. పేరు నమ్మకుండా ఫొటోలో కంట్రోలర్ ఆకారం చూడండి.

చిప్‌లో ఏముందో చూడండి

నింటెండో స్విచ్ కన్సోల్‌కి పక్కల తగిలించే చిన్న కంట్రోలర్ జాయ్‌కాన్‌కి ఇంతకు మించిన పరీక్ష లేదు. ప్రతి జాయ్‌కాన్ తన ఒంటి రంగునీ, బటన్ల రంగునీ లోపలి ఫ్లాష్ మెమరీలో దాచుకుంటుంది. స్విచ్ హోమ్ మెనూలో కంట్రోలర్స్ తెరిస్తే స్క్రీన్ మీద కనిపించే బొమ్మకి రంగు అక్కడినుంచే వస్తుంది. చేతిలో ఉన్నది నియాన్ పసుపు, స్క్రీన్ మీద బూడిదరంగు అయితే షెల్ మారినట్టే. ఒక్క జాగ్రత్త: పీసీ సాఫ్ట్‌వేర్‌తో ఆ రంగు విలువని తిరగరాయొచ్చు. అందువల్ల రంగులు కలవకపోతే షెల్ మారిందని తేలిపోయినట్టే గానీ, కలిసినంత మాత్రాన అసలుదని కాదు. మిగతా పరీక్షలు కూడా చేయాలి.

ఎక్స్‌బాక్స్‌లో కొన్ని ఎడిషన్లు తామెవరో కన్సోల్‌కి చెప్పుకుంటాయి. 2021లో వచ్చిన పారదర్శక నలుపు 20వ వార్షికోత్సవ కంట్రోలర్‌ని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ కన్సోల్‌కో సిరీస్ ఎస్‌కో జత చేస్తే ప్రత్యేకమైన డైనమిక్ బ్యాక్‌గ్రౌండ్ (స్క్రీన్ వెనక కదిలే బొమ్మ) తెరుచుకుంటుంది. షెల్ మార్చిన 1914కి అది తెరుచుకోదు. నేరుగా కలిసి కొంటుంటే, ఆ కంట్రోలర్ ఎప్పుడూ జత చేయని కన్సోల్‌తో ఈ పరీక్ష పెట్టండి.

షెల్ మార్చడం ఒకటి, కంట్రోలర్ మొత్తం నకిలీ కావడం ఇంకొకటి. రెండోదాన్ని పట్టుకోవడానికి విండోస్‌లో ఎక్స్‌బాక్స్ యాక్సెసరీస్ లేదా ప్లేస్టేషన్ యాక్సెసరీస్ యాప్ తెరిచి, కేబుల్‌తో కలిపి, ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) వివరాలు వస్తున్నాయో లేదో చూడండి. డ్యూయల్‌సెన్స్‌కైతే పీఎస్5లో ముందే ఉండే ఆస్ట్రోస్ ప్లేరూమ్ గేమ్ నడపండి. ట్రిగ్గర్లు వేలికి ఎదురు తిరగాల్సిన చోట ఖాళీగా కిందకి దిగిపోతే అది నకిలీ, లేదా లోపలి మోటార్ పాడైంది. రెంటిలో ఏదైనా ఎడిషన్ ధర పెట్టి కొనాల్సిన వస్తువు కాదు.

ఫోన్ మాక్రో కెమెరాతో దగ్గరగా

డ్యూయల్‌సెన్స్ వెనక గ్రిప్‌ల మీద గరుకుదనం ఊరికే వేసింది కాదు. పెద్దది చేసి చూస్తే త్రికోణం, వృత్తం, క్రాస్, చతురస్రం గుర్తులు చిన్నచిన్నగా వేలకొద్దీ కనిపిస్తాయి. బయటి షెల్స్ చాలావరకు నున్నగానో, మెత్తటి రబ్బరు పూతతోనో ఉంటాయి. గుర్తులు వేసినవాటిలో కూడా అంచులు అరిగినట్టు మొద్దుగా ఉంటాయి. ఇక ఎక్స్‌బాక్స్ 1914లో ట్రిగ్గర్ల మీదా, వెనక గ్రిప్‌ల మీదా చుక్కల అల్లిక ఉండాలి.

బటన్ల మీద గోటితో మెల్లగా గీయండి. డ్యూయల్‌సెన్స్, ఎక్స్‌బాక్స్‌ల అసలైన ముఖ్య బటన్లలో సాధారణంగా అక్షరం, గుర్తు పారదర్శకమైన ప్లాస్టిక్ లోపల ఉంటాయి కాబట్టి గోటికి ఏమీ తగలదు. పైన అచ్చు వేసినవైతే అంచు తగులుతుంది.

తర్వాత విప్పిన జాడలు వెతకాలి. ఏ కంట్రోలర్‌లో ఎక్కడ వెతకాలంటే:

- ఎక్స్‌బాక్స్: మొత్తం 5 స్క్రూలు, అన్నీ మధ్యలో పొడుచుకొచ్చిన పిన్ ఉన్న టీ8 టార్క్స్ (నక్షత్రం ఆకారపు గాడి) రకం. నాలుగు పక్క గ్రిప్ ప్యానెళ్ళ కింద, ఒకటి బ్యాటరీ గూట్లో స్టిక్కర్ వెనక. స్టిక్కర్‌కి చిల్లు పడితే ఎవరో విప్పారు.
- డ్యూయల్‌సెన్స్: స్టిక్కుల చుట్టూ ఉన్న నల్ల ట్రిమ్ క్లిప్పుల మీద నిలుస్తుంది. దాని అంచున గీతలు, లేచిన సందు ఉంటే తీసి పెట్టారన్నమాట. ట్రిమ్ ఒక్కదాన్నే అలంకారానికి మార్చేవాళ్ళూ చాలామంది. ఎల్1, ఆర్1 (పైఅంచున ఉండే రెండు బటన్లు) కింద కూడా స్క్రూలుంటాయి కనుక ఆ బటన్లు వదులుగా ఊగుతున్నాయేమో చూడండి.
- జాయ్‌కాన్: వెనక నాలుగు వై ఆకారపు స్క్రూలు. తలలు అరిగితే తెలిసిపోతుంది.

విప్పినంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. స్టిక్ డ్రిఫ్ట్ (ముట్టకుండానే స్టిక్ కదిలినట్టు చూపే లోపం) రిపేరు చేయించి ఉండొచ్చు. అయితే అమ్మేవాళ్ళు “ఎప్పుడూ విప్పలేదు” అన్నచోట జాడ దొరికితే, వాళ్ళు చెప్పే మిగతా మాటలకీ విలువ లేదు.

దూరం నుంచి కొంటుంటే ఫొటోలు అడగండి: పగటి వెలుగులో ముందు, వెనక, లేబుల్, రెండు పక్కల అతుకు, కన్సోల్ స్క్రీన్. పక్కన తెల్ల కాగితం పెట్టమనండి. పసుపు వెలుగు బల్బు కింద తెలుపు, లేత ఊదా ఏవీ నిజంగా ఉన్నట్టు కనబడవు. పచ్చబడిన ప్లాస్టిక్‌ని ఆ వెలుగే దాచేస్తుంది.

కొన్నాక రంగు నిలవాలంటే

రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉందా, పైన పూతగా ఉందా అన్నది ముందు తెలియాలి. మామూలు ఎరుపు, నీలం వంటివి సాధారణంగా ప్లాస్టిక్ రంగే. మెటాలిక్ మెరుపులు, కోణాన్ని బట్టి రంగు మారే ఆక్వా షిఫ్ట్ లాంటివి పూతలు. పూతల మీదా, అచ్చువేసిన బొమ్మల మీదా ఆల్కహాల్ వాడొద్దు. మైక్రోఫైబర్ గుడ్డని నీళ్ళతో తడిపి, గట్టిగా పిండి తుడిస్తే చాలు. అతుకుల్లో మురికికి చెక్క టూత్‌పిక్ సరిపోతుంది. అసిటోన్ దగ్గరికి రానివ్వొద్దు. ఏబీఎస్ ప్లాస్టిక్‌ని అది కరిగించేస్తుంది.

పాత తెల్ల, బూడిదరంగు కంట్రోలర్లు పచ్చబడితే 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్ పూసి యూవీ వెలుగులో పెట్టే పద్ధతి ఉంది. క్రీమ్ ఎండిన చోట మచ్చలు పడతాయి, అవి మళ్ళీ పోవు. కాబట్టి చేతి తొడుగులు వేసుకుని, షెల్‌ని ప్లాస్టిక్ ఫిల్మ్‌తో చుట్టి, గంటకోసారి క్రీమ్ సర్దుతూ ఉండాలి. బొమ్మలున్న ఎడిషన్‌కి మాత్రం ఈ పని వద్దే వద్దు.

దాచిపెట్టేటప్పుడు ఎండ నేరుగా తగలకూడదు. ఎక్స్‌బాక్స్‌లో ఏఏ సెల్స్ తీసేయండి. కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి. డ్యూయల్‌సెన్స్ బ్యాటరీని సగం ఛార్జ్‌లో ఉంచి, మూడు నాలుగు నెలలకోసారి ఛార్జ్ పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లలో, రబ్బరు బ్యాండ్లు చుట్టి పెట్టొద్దు. వాటిలోని ప్లాస్టిసైజర్ (మెత్తదనం ఇచ్చే రసాయనం) షెల్‌కి పాకి, తుడిచినా పోని మెరుపు మరకలు వదులుతుంది. పాలిథిన్ సంచి, అందులో ఒక సిలికా జెల్ పొట్లం, పైన అసలు డబ్బా ఉంటే సరిపోతుంది.