నౌక మీది దాడి విమానం లెక్కలు చదవడం ఎలా: ఎ-6 ఇంట్రూడర్ ఉదాహరణగా

దాడి విమానం వివరాలు చేతికి రాగానే చాలామంది ముందు గరిష్ఠ వేగం, ఆ తర్వాత బాంబుల బరువు చూస్తారు. రన్‌వే మీంచి ఎగిరే విమానానికి అది కొంతవరకు సరిపోతుంది. విమానవాహక నౌక మీద పనిచేసేదానికి మాత్రం తిరిగొచ్చి డెక్ మీద దిగడం దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టాలి. రెక్క ఎంత పెద్దది, చక్రాల కాళ్లు ఎంత లావు, చివరికి ఎన్ని బాంబులు తగిలించవచ్చు అనేవన్నీ అక్కడే తేలతాయి. ఇక్కడ గ్రమ్మన్ కంపెనీ ఎ-6 ఇంట్రూడర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1960లో తొలిసారి ఎగిరి, 1963లో అమెరికా నౌకాదళంలో చేరి, 1997 దాకా అక్కడ పనిచేసిన విమానం అది.

ముందు డెక్‌ను ఎంత గట్టిగా తాకుతుందో లెక్కవేయండి. నౌక మీద దిగే పైలట్ రన్‌వే మీదిలా చివర్లో ముక్కు ఎత్తి మెల్లగా వాలడు. అలా చేస్తే విమానం, తనను పట్టి ఆపడానికి డెక్‌కి అడ్డంగా కట్టిన తీగల్ని దాటి ముందుకు పోతుంది. సుమారు 3.5 డిగ్రీల వాలులో ఎలా వస్తున్నాడో అలాగే వచ్చి తాకిస్తాడు. విమానం వేగంలోంచి డెక్ మీది ఎదురుగాలి తీసేయగా సెకనుకు 56 మీటర్లు మిగిలిందనుకోండి. దాన్ని 3.5 డిగ్రీల సైన్ విలువ 0.061తో గుణిస్తే సెకనుకు 3.4 మీటర్లు వస్తుంది. ప్రయాణికుల జెట్ కాళ్లను సెకనుకు సుమారు 3 మీటర్ల తాకిడికి తట్టుకునేలా తయారుచేస్తారు, అదీ ఎప్పుడో ఒకసారి జరిగే గట్టి ల్యాండింగ్ కోసం. ఇక్కడ మామూలు రోజు మామూలు ల్యాండింగే ఆ హద్దు దాటింది. పైగా అలకి డెక్ పైకి లేస్తున్న క్షణంలో తాకితే ఇంకా ఎక్కువ. అందుకే ఈ కాళ్లను దాదాపు రెండింతల తాకిడికి కడతారు. ఫోటోలో లావాటి కాళ్లు, పొడవుగా కుదించుకునే షాక్ అబ్జార్బర్లు కనిపిస్తే కారణం ఇదే. ఆ బరువంతా బాంబుల్లోంచి, ఇంధనంలోంచి తగ్గేదే.

తర్వాత ఆ తీగను పట్టుకోవడానికి తోక కింద వేలాడే హుక్కు చూడండి. వెనక చక్రాలకీ హుక్కు కొసకీ మధ్య దూరం ఎంతో పక్క నుంచి తీసిన బొమ్మలో కొలవండి. చాలామంది పట్టించుకోని కొలత ఇది, కానీ దీని మీదే ఒక పెద్ద కార్యక్రమం తడబడింది. నౌకల కోసం చేసిన యుద్ధ విమానం ఎఫ్-35సిని తొలి హుక్కుతో 2011లో నేల మీద పరీక్షిస్తే 8 సార్లు ప్రయత్నించినా ఒక్కసారి కూడా తీగ చిక్కలేదు. దానిలో ఆ దూరం సుమారు 2 మీటర్లే. చక్రాలు తొక్కగానే తీగ డెక్‌కి అణిగిపోతుంది. మళ్లీ పైకి లేవడానికి కాస్త సమయం పడుతుంది. దూరం తక్కువైతే తీగ లేవకముందే హుక్కు దాని మీదుగా జారిపోతుంది. హుక్కు కొసను తీగ కిందికి దూరేలా మార్చి, హుక్కును డెక్‌కి అదిమిపట్టే డ్యాంపర్‌ను సరిచేశాక, 2014 నవంబరులో నిమిట్జ్ నౌక మీద విజయవంతంగా దిగింది.

తీగ చిక్కిందో లేదో తెలిసేదాకా ఆగే వ్యవధి పైలట్‌కు ఉండదు. చక్రాలు తాకగానే ఇంజన్లకు పూర్తి శక్తి ఇస్తాడు. చిక్కకపోతే అదే ఊపులో మళ్లీ ఎగిరిపోవాలి. ఇక్కడ పాత టర్బోజెట్‌లతో ఒక చిక్కుంది: తక్కువ వేగంలో తిరుగుతున్న ఇంజన్ పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఎ-6 రెక్కల కొసల్లో రెండుగా విచ్చుకునే ఎయిర్‌బ్రేకులు దీనికి చక్కని జవాబు. దిగేటప్పుడు వాటిని తెరిచి ఉంచితే గాలి ఒరిపిడి పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఇంజన్లు ఎక్కువ వేగంలో తిరుగుతూ ఉండాల్సిందే. అవసరం పడగానే శక్తి వెంటనే అందుతుంది.

ఇప్పుడు రెక్క. నెమ్మదిగా దిగాలంటే వెనకంచున ఫ్లాప్‌లు, ముందంచున స్లాట్‌లు అనే కదిలే పలకలు వీలైనంత పొడవునా ఉండాలి. ఎ-6లో అవి దాదాపు రెక్క మొత్తం పొడవునా ఉన్నాయి. దాంతో విమానాన్ని పక్కకు వంచే ఎయిలెరాన్‌లకు చోటు మిగల్లేదు. ఆ పని రెక్క పైభాగంలో పైకి లేచే పలకలకు, అంటే స్పాయిలర్లకు అప్పగించారు. రెక్కల పొడవు కొస నుంచి కొసకు సుమారు 16.2 మీటర్లు, మడిస్తే 7.7. మడత కీలు, దాన్ని కదిపే హైడ్రాలిక్స్, తాళాలు అన్నీ అదనపు బరువే. నౌకల మీది చిన్న దాడి విమానం ఎ-4 స్కైహాక్‌లో రెక్కను 8.4 మీటర్లకే పరిమితం చేసి మడతే లేకుండా చేశారు. నా దృష్టిలో ఈ తరగతి మొత్తంలో అంత తెలివైన పొదుపు మరొకటి లేదు.

విమానాన్ని డెక్ మీంచి లాగి విసిరే యంత్రం, క్యాటపల్ట్, దాని లెక్క చిన్నది. 20 టన్నుల విమానాన్ని 94 మీటర్లలో గంటకు 240 కిలోమీటర్ల వేగానికి తేవాలంటే సగటున 2.4 జి (గురుత్వ త్వరణానికి 2.4 రెట్లు) త్వరణం, అంటే సుమారు 48 టన్నుల లాగుడు కావాలి. ఎ-6 రెండు జె52 ఇంజన్లు కలిపి ఇచ్చేది 8.4 టన్నులే. మిగతాదంతా ముక్కు చక్రం కాలిని క్యాటపల్ట్‌కు తగిలించే లాంచ్ బార్ ద్వారానే రావాలి. బరువు పొరపాటు ఇక్కడ ప్రాణాంతకం. ఎగరబోయే ముందు డెక్ సిబ్బంది బరువు అంకెను బోర్డు మీద చూపిస్తారు, పైలట్ సరే అన్నాకే క్యాటపల్ట్ శక్తిని దానికి తగ్గట్టు పెడతారు. అంకె తక్కువ పడితే విమానం చాలినంత వేగం అందుకోకుండా నీళ్లలో పడుతుంది. ఎక్కువ పడితే కాలి మీద భారం హద్దు దాటుతుంది.

ఇక బాంబుల దగ్గరికి రండి. ఎ-6కి 5 హార్డ్‌పాయింట్లు (ఆయుధాలు తగిలించే స్థానాలు), మొత్తం 8,165 కిలోలు అని అన్నిచోట్లా రాస్తారు. దాన్ని యథాతథంగా తీసుకోకుండా కూడిక చేయండి. ఖాళీ బరువు సుమారు 12,100 కిలోలు, లోపలి ట్యాంకుల నిండా ఇంధనం సుమారు 7,200, బాంబులు 8,165. మొత్తం దాదాపు 27,500. క్యాటపల్ట్ మీంచి ఎగరగల గరిష్ఠ బరువు సుమారు 26,600. ఇద్దరు సిబ్బందిని, రాక్‌లను కలపకముందే 900 కిలోలు ఎక్కువైంది. అంటే పూర్తి బాంబులు, పూర్తి ఇంధనం ఒకేసారి కుదరవు. ఇంధనం తగ్గించి ఎగిరి, గాల్లో ట్యాంకర్ దగ్గర నింపుకోవాలి. కాక్‌పిట్ ముందు వంగి ఉన్న ఇంధన గొట్టం అందుకే. స్థలం లెక్క కూడా వేరే. ఆరేసి బాంబుల రాక్‌లు ఐదు పెడితే 30 రావాలి, కానీ 227 కిలోల తరగతి బాంబులు 28కే పరిమితం. లోపలి రాక్‌ల మీద ఒక్కో స్థానం ల్యాండింగ్ గేర్ తలుపులకు అడ్డొస్తుంది.

వాడకుండా మిగిలిన బాంబులతో తిరిగొస్తే ఏమవుతుంది? ఖరీదైన గైడెడ్ ఆయుధాలు వచ్చాక ఇది అన్నిటికంటే ముఖ్యమైన అంకె అయింది. ఎఫ్/ఎ-18ఇ సూపర్ హార్నెట్ డెక్ మీద దిగగల గరిష్ఠ బరువు సుమారు 19,960 కిలోలు. అందులోంచి ఖాళీ బరువు, సుమారు 14,550, తీసేస్తే 5,400 మిగులుతుంది. పైలట్, ఆయుధాలు వేలాడే పైలాన్లు, ఇతర సామగ్రి పోగా సుమారు 4,000 కిలోల ఇంధనం, ఆయుధాలు కలిపి వెనక్కి తేవచ్చు. ఒకసారి తీగ తప్పితే మళ్లీ తిరిగి రావడానికి అవసరమైన ఇంధనం కూడా ఇందులోనే. హద్దు దాటిన బరువును సముద్రంలో వదిలేయాల్సిందే.

ఇంట్రూడర్ అసలు బలం వేగంలో లేదు. సముద్ర మట్టం దగ్గర గంటకు సుమారు 1,040 కిలోమీటర్లు, ధ్వని కంటే తక్కువ. లోపల ఫిరంగి కూడా లేదు. పైలట్ పక్కనే, కాస్త వెనక, కాస్త కిందికి కూర్చున్న బాంబార్డియర్-నావిగేటర్, అతని ముందున్న రాడార్ తెర, దానికి కలిపిన డిజిటల్ కంప్యూటర్ దాని బలం. చీకట్లో, వానలో, తక్కువ ఎత్తులో లక్ష్యం దాకా పోగలిగింది వాటివల్లే. మొదటి రకం ఎ-6ఎలో వెతకడానికొకటి, గురిపెట్టడానికొకటి రాడార్లు ఉండేవి. తర్వాతి రకం ఎ-6ఇలో ఆ రెండు పనులూ ఒకే రాడార్‌కి వచ్చాయి. తర్వాత ముక్కు కింద ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, లేజర్ ఉన్న ట్రామ్ అనే గుండ్రటి పరికరం చేరింది.

చివరిగా అలసట. ఇన్ని టన్నుల లాగుళ్లు, తాకిళ్లు, తక్కువ ఎత్తులో కుదుపులు కలిసి ఎ-6 లోహపు రెక్కల్లో పగుళ్లు తెచ్చాయి. 1980ల్లో బోయింగ్ తయారుచేసిన కార్బన్ కాంపోజిట్ రెక్కలను కొన్నిటికి అమర్చాల్సి వచ్చింది. కాబట్టి వయసు అంచనా వేసేటప్పుడు ఎగిరిన గంటలు మాత్రమే చూడకండి. ఎన్నిసార్లు క్యాటపల్ట్ ఎక్కింది, ఎన్నిసార్లు తీగ పట్టింది అన్న రెండు అంకెలు పక్కన లేకపోతే ఆ గంటలతో నిర్ణయానికి రాలేం.